గువాహటి విమానం అందనివాడు

“మీవాడు ఒప్పుకున్నాడమ్మా,” అన్నాడు హైదరాబాదు నుంచి వచ్చిన ఎస్సై గోపినాథ్. “రేపు కోర్టులో పెడతాం. నగల సంచి ఎక్కడ దాచాడో చెప్పండి, శిక్ష తగ్గుతుంది.”

వేలూరు దగ్గర గుడియాత్తంలో ఆ ఇంటి ముందుగది చిన్నది. వరదమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె భర్త మునుస్వామి ఉన్న ఒక్క కుర్చీ ఎస్సైకి ఇచ్చి, తను నేలమీద కూర్చున్నాడు.

“మా ముకేష్ గువాహటిలో ఉద్యోగానికని పోయినాడు సామీ. యాడో తప్పు జరిగిండాది.”

“నేను చెప్పేదీ గువాహటి గురించే. హైదరాబాదు నుంచి దాదాపు పదిహేడు వందల కిలోమీటర్లు. విమానంలో మూడు గంటలు కూడా పట్టదు. దొంగకు అంతకన్నా ఏం కావాలి? మేమింకా సంచి వెతుకుతుంటే మీవాడు బ్రహ్మపుత్రలో కాళ్లు కడుక్కునేవాడు.”

“హైదరాబాదులో విమానం మారల్ల సామీ. చెన్నైలో ఎక్కిందే లేటుగా దిగినాదంట.”

“నగలు పోయినావిడ అరిచింది. అందరూ ఆగారు. మీవాడొక్కడే పరిగెత్తాడు. తప్పు చెయ్యనివాడు ఎందుకు పరిగెత్తుతాడు?”

“ఇస్కూలుకు కూడా పరిగెత్తినోడు కాదే వాడు,” అంది వరదమ్మ. అది కొడుక్కు పనికొచ్చే మాటో కాదో ఆమెకు తెలియలేదు.

“కాయితంలో చేవ్రాలు పెట్టినాడా?” మునుస్వామి అడిగాడు.

“పెట్టాడు. అరవంలో.”

“వానికి తెలుగు చదవను రాదు సామీ. మా ఇండ్లల్లో మాట్లాడేదే.”

“చదవడమెందుకు? నాతో మాట్లాడింది తెలుగే. దుబాసీతో కూడా పనిపడలేదు.”

ఆ సంగతి తలుచుకుంటే గోపినాథ్‌కు తృప్తిగానే ఉంది. ఇంత తేలికగా ఒప్పుకున్నవాణ్ణి తన సర్వీసులో చూడలేదు. విమానాశ్రయంలో చెయ్యి పట్టి ఆపాడో లేదో, ఒక్క దెబ్బయినా పడకముందే, “నేరమైపోయింది సామీ, వదిలిపెట్టండి” అని ముకేష్ దండం పెట్టాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. కేసు మొత్తం ఆ మాట మీదే నిలబడింది.

“వాడు జైలుకు పోతే ఎప్పుడొస్తాడు సామీ?” అంది వరదమ్మ.

“ఏళ్లు పడుతుంది.”

ఆమె లోపలికి వెళ్లి కాఫీ తెచ్చింది. ఎంతైనా ఇంటికి వచ్చిన మనిషి. గోపినాథ్ తీరిగ్గా తాగాడు.

“వేలూరుకు ఆరు గంటల బస్సు ఎక్కడ ఎక్కాలి?”

“వీధి చివరనే, సామీ. కే.వి.కుప్పం మీద పోతాది,” అన్నాడు మునుస్వామి.

గోపినాథ్ కాళ్లు చాపుకుని బూట్ల తాళ్లు నిదానంగా కట్టుకోసాగాడు. వరదమ్మ గోడగడియారం వైపు చూసి కంగారుపడింది.

“బిర్నా లెయ్యండి సామీ. నేరమైపోయింది, బస్సు పోతాది.”