తడవని సరుకు

పరీక్ష మొదలయ్యేసరికి నువ్వుల వ్యాపారి చేతిలో ఉన్నవి ఇవే: గోదాము ముందు గచ్చు మీద ఆరబోసిన సరుకు, దాన్ని సాయంత్రం ఓడరేవుకు తీసుకెళ్లే లారీ, రెండుసార్లు తప్పగా మిగిలిన ఆఖరి అవకాశం. ఆహార భద్రత సర్టిఫికెట్టు ఈ పూట రాకపోతే విదేశీ కొనుగోలుదారు ఇంకొకరి దగ్గర కొనుక్కుంటాడు. ఆ మాట మొహమాటం లేకుండా చెప్పేశాడు కూడా.

ఆన్‌లైన్ పరీక్ష. కుర్చీలోంచి లేచినా, నోరు విప్పినా, కెమెరాలో ఇంకో మొహం కనబడినా రద్దు. అందుకే పనివాళ్లను ఇళ్లకు పంపేశాడు. భార్యను కూడా బయటికి పంపి గేటుకు తాళం వేయబోయాడు.

ఫోనైనా ఆన్‌లో ఉంచుకోమందామె.

"కూడదట. కాసేపు నేను లేననుకో."

"పోయినసారీ అలాగే అనుకున్నాను. ఏం లాభం?"

సగం ప్రశ్నలయ్యేసరికి గదిలో వెలుతురు తగ్గింది. ఉరుములు మొదలయ్యాయి. గేటు వైపు ఫెళ్లుమంటే పిడుగనుకున్నాడు. కాసేపటికి రేకుల మీద వాన విరుచుకుపడింది.

టార్పాలిన్లు గోదాములో, గోదాము తాళంచెవి జేబులో, తనేమో కుర్చీలో. లేస్తే సర్టిఫికెట్టు పోతుంది, కూర్చుంటే సరుకు పోతుంది. తెర మీద చూస్తే, ధాన్యాన్ని వానకు తడవకుండా ఎలా కాపాడాలని ప్రశ్న. సరుకు మళ్లీ కొనుక్కోవచ్చు, కొనేవాడు మళ్లీ దొరకడని లెక్క వేసుకుని, పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగితే తుడుచుకోవడానికి కూడా భయపడ్డాడు.

ఆఖరి ప్రశ్న మసకమసగ్గా కనబడింది. పురుగుమందు అంటిన గుడ్డ ఆహార సరుకుకు తగిలితే ఏం చేయాలి? ఎండబెట్టాలా, మంచి సరుకులో కలపాలా, మొత్తం పారబోయాలా? ఇదివరకైతే ఎండబెట్టి ఊరుకునేవాడు. శిక్షణలో విన్నది గుర్తొచ్చి, పారబోయాలన్న జవాబు నొక్కాడు. సరిగ్గా ఆ ఒక్క మార్కుతో గట్టెక్కాడు.

సర్టిఫికెట్టు మీద తన పేరు చదువుకునే ఓపిక కూడా లేదు. తలుపు తీసి బయటికి పరుగెత్తాడు.

గచ్చంతా టార్పాలిన్లు కప్పి ఉన్నాయి. అంచుల మీద బరువుకు ఇటుకలు. గేటు తాళం పగిలి కిందపడి ఉంది. పక్కనే భార్య, నిలువునా తడిసి ముద్దయిపోయి.

"తాళం పగలగొట్టాను, తిట్టకండి," అందామె. "మబ్బు పట్టగానే వచ్చేశాను. ఒక్క గింజ తడిస్తే ఒట్టు."

వ్యాపారి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. సర్టిఫికెట్టు దక్కింది, సరుకూ దక్కింది, లారీ రావడమే తరువాయి.

"ఇన్ని టార్పాలిన్లు నీకెక్కడివి?"

"పక్క కొట్టాయన పుణ్యం," అందామె జుట్టు పిండుకుంటూ. "పురుగుమందు డబ్బాలు కారుతుంటే కింద పరుస్తాడు చూడండి, అవే."