ఇల్లని రుజువు

“ఇది ఇల్లా, షెడ్డా అని ఆఫీసర్ అడిగితే నేనేం చెప్పేది?” గడప బయటే నిలబడి అడిగింది ఆనంది. ఎనిమిది నెలలుగా మంసాపురంలో అమ్మ దగ్గర ఉంటున్న మనిషి. టాక్స్ ఆఫీసర్ ఇల్లు చూడడానికి వస్తాడని మొగుడు ఫోన్ చేస్తే ఒక్క రోజుకని వచ్చింది.

“ఇల్లనే చెప్పు. పాత ఇల్లు అమ్మిన లాభానికి టాక్స్ పడకుండా ఉండాలంటే, ఆ డబ్బుతో ఇల్లే కట్టి ఉండాల. మొగుడూ పెండ్లామూ కాపురం చేస్తా కనపడాల. లేకుంటే ఏడు లక్షలు పోతాది,” అన్నాడు రాజ్‌కమల్.

సత్రపట్టిలో ఒకప్పుడు బ్యాండేజీ గుడ్డ నేసిన షెడ్డది. మగ్గాలు తీసేసి గదులు కట్టించాడు గానీ, కిటికీలకు ఇంకా ఆ పలుచని తెల్లగుడ్డే తెరలు. గాలికి అవి లేస్తుంటే గదులన్నీ మెల్లగా తేలిపోతున్నట్టున్నాయి. లోపలికి వచ్చిన ఆనందికి కాసేపు తను దేనికొచ్చిందో కూడా గుర్తు రాలేదు.

“స్టవ్ కొత్తగా ఉండాదే! పాలు పొంగించలేదా?”

“ఒక్కడే ఎట్ల పొంగించేది?”

ఆమె వాకిట్లో ముగ్గేసి, దండెం మీద చీర ఆరేసి, పాలు పెట్టింది. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. ఇద్దరూ ఒక్కసారే నవ్వి, వెంటనే ముఖాలు సర్దుకున్నారు. ఆఫీసర్ కోసం చేసే పని కదా మరి!

మధ్యాహ్నం తెల్లటి వెలుగులో ఎటూ కదలక నిలిచిపోయింది. ఆమె చాప మీద, అతను కుర్చీలో. వీధిలో బస్సు ఆగినప్పుడల్లా ఆమె వాకిలి వైపు చూసేది. అతను ఆమె వైపు చూసేవాడు.

చీకటి పడబోతోంది.

“ఆఫీసర్ రాలేదే. నాకు ఆరున్నర బస్సు ఉండాది.”

“రేపు వస్తారేమో...” అన్నాడు రాజ్‌కమల్. ఈ పూటకి ఆ బస్సు చెడిపోతే ఎంత బాగుండు అనుకున్నాడు.

ఆనంది లేచి పక్కింటి పాపాత్తి దగ్గర చెంచాడు పెరుగు అడిగి తెచ్చింది. మిగిలిన పాలు గిన్నెలో పోసి తోడేసింది.

“తోడెందుకు? నువ్వు పోతావు కదా!”

“పొద్దునకి పెరుగొద్దా?”

అతనికి ఇక దాచడం చేతకాలేదు. “ఆనందీ... ఒకటి చెప్పాల. ఆ ఆఫీసర్...”

ఆమె గిన్నె మీద మూత పెట్టింది.

“ఇల్లుంటే చాలంట, అందులో ఎవురూ కాపురం ఉండాల్సిన పని లేదంట. నిన్ననే ఆడిటర్‌ని అడిగి, తెలిసే బస్సెక్కినాను.”