గరిటె మీద బొటనవేలు

లైసెన్సు వచ్చేదాకా తన రేడియో సెట్టు ముట్టుకోనివ్వనని మామయ్య భీష్మించాడు. అందుకని ఆమె గరిటెనే మైకు చేసుకుని హామ్ రేడియో పరీక్షకి సాధన చేస్తోంది. కాడ మీద బొటనవేలు నొక్కి మాట్లాడాలి. 'ఓవర్' అని మాట ముగించి, వేలు ఎత్తి అవతలివాళ్లని వినాలి. ఆ ఎత్తడమే ఆమె ఎప్పుడూ మరిచిపోతుంది.

"నీ గోల నీదేనా అమ్మడూ? నువ్వు నొక్కి ఉంచితే అవతలివాళ్లు గొంతు చించుకున్నా నీకు వినపడదు," అని సాయంత్రం కూడా ఫోన్లో నవ్వాడు.

ఇప్పుడు ఇంట్లో ఆమె ఒక్కతే. బయట సన్నగా వాన. నిద్రమత్తులో గరిటె నొక్కింది. వాన చప్పుడు ఆగిపోయింది. వేలు ఎత్తింది. మళ్లీ వాన. చిన్నపిల్లలా నవ్వుకుని ఇంకోసారి నొక్కింది. కిటికీ అద్దం మీద చినుకులు జారుతూనే ఉన్నాయి, చప్పుడు మాత్రం లేదు. ఊరి మీద ఎవరో దూది పరిచినట్టుంది.

మాట్లాడేముందు ఆ ఫ్రీక్వెన్సీలో ఇంకెవరైనా ఉన్నారేమో అడగాలన్నది మొదటి పాఠం.

"ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఓవర్."

ఈసారి మరిచిపోకుండా వేలు ఎత్తింది.

వాన వినిపించింది. వాన వెనక, వీధి తలుపుకి బాగా దగ్గరగా, ఓపికైన గొంతు ఒకటి.

"హమ్మయ్య, ఇన్నాళ్లకి వేలెత్తావు అమ్మడూ. పిలిచి పిలిచి మా గొంతులు పోయాయి. లోపలికి రావచ్చా? ఓవర్."

అది మామయ్య గొంతు కాదు.

ఆమె చటుక్కున వేలు నొక్కి పట్టింది. వాన లేదు, గొంతు లేదు. ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు చూసింది. తలుపు గడియ, చిన్న చప్పుడైనా లేకుండా, మెల్లగా పక్కకి జరుగుతోంది.