అభ్యంతరం ఒక్కరిదే

“అభ్యంతరం ఉన్నవాళ్లు లేవండి,” అన్నారు పాస్టరుగారు.

కోశాధికారి కుర్చీ వెనక్కి నెట్టేలోపే దర్జీ లేచి నిలబడ్డాడు.

పాస్టరుగారి గొంతుకు త్వరలో ఆపరేషన్. ఆయన కోలుకునేదాకా దర్జీ కోడలు ప్రసంగించాలని ప్రతిపాదన. ఆ చర్చి సంఘంలో అభ్యంతరం ఒక్కరే చెప్పాలి, ముందు లేచినవాడే చెప్పాలి. అతను జవాబుకు ఒప్పుకుని కూర్చుంటే ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తకూడదు.

“మామే లేచాడు. ఇంక మనకేం పని,” అని కోశాధికారి కాలు మీద కాలు వేసుకున్నాడు.

భార్య పోయాక దర్జీ మాట్లాడడమే తక్కువ. మాట్లాడితే సూది దిగినట్టే.

“స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని బైబిల్లో పౌలు రాశాడు. నువ్వు ఆయనకంటే పెద్దదానివా?”

కోడలు లేచింది. “ఆయన అదే ఉత్తరంలో, ప్రార్థించేటప్పుడూ ప్రవచించేటప్పుడూ స్త్రీ తల కప్పుకోవాలన్నాడు. నోరు మూసుకుని ప్రవచించడం ఎలాగో మీరే చెప్పండి మామయ్యా.”

ఆడవాళ్లు కిసుక్కుమన్నారు.

“మరి ఆ మౌనం ఎవరికి?”

“గోల చేసేవాళ్లకి. ఒకడు చెబుతుంటే ఇంకొకడు ఆగమని మగాళ్లకీ చెప్పాడు అక్కడే. వాళ్లెవరూ జన్మంతా నోరు కుట్టేసుకోలేదే.”

“సందేహముంటే మొగుణ్ణి అడగమన్నాడుగా?”

“అడిగాను. ‘నిన్నే అడుగుదామనుకున్నా’ అన్నారు.”

వెనక బెంచీలో దర్జీ కొడుకు తల దించుకున్నాడు. పాస్టరుగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. దర్జీ మాత్రం నవ్వలేదు.

“స్త్రీ బోధించడానికి ఒప్పుకోనని తన శిష్యుడు తిమోతికి రాశాడు. దానికేమంటావు?”

కోడలు నోరు తెరిచి, ఆగిపోయింది. కోశాధికారి దగ్గి, లేవబోయాడు.

“నా ప్రశ్న అవలేదు. కూర్చో,” అన్నాడు దర్జీ. కోడలివైపు తిరిగాడు. “తిమోతి అప్పుడు ఉన్నది ఎఫెసులో. ఆ ఊళ్లో ఏ ఆడది బోధించింది చెప్పు.”

ఆమె ముఖం తేటపడింది. “ప్రిస్కిల్ల. భర్తతో కలిసి అపొల్లో అంతటి పండితుణ్ణి కూర్చోబెట్టి సరిదిద్దింది. పౌలు ఆమెను తప్పుపట్టలేదు, నా జతపనివాళ్లలో ఒకతె అన్నాడు. ఆ కట్టడి అప్పటి దుర్బోధకు, అందరికీ కాదు.”

దర్జీ “ఒప్పుకున్నాను,” అని కూర్చున్నాడు.

గేటు దగ్గర కోశాధికారి అందుకున్నాడు. “నలుగురిలో కోడలి చేతిలో ఓడిపోయావేంటయ్యా. పరువు పోలా?”

దర్జీ తల ఎత్తుకునే నడిచాడు. మలుపులో కోడలు వడివడిగా వచ్చి కలిసింది. ఏమంటాడోనని ఆయన ముఖంలోకి చూసింది. దర్జీ వెనక్కి తిరిగి, వినే దూరంలో ఎవరూ లేరని చూసుకున్నాడు.

“నిన్న ఇంట్లో ఇంతకంటే బాగా చెప్పావు.”