రెండు గళ్లు

ఆ మనిషి దేవుడు పంపితే వచ్చాడా, సైతాను పంపితే వచ్చాడా అన్న అనుమానం సారమ్మను ఏళ్ల తరబడి వదల్లేదు.

ప్రార్థనలో మోకరించినా అదే. ఆళ్లగడ్డలో మిషను ముందు కూర్చుని జాకెట్లు కుడుతున్నా అదే.

కూతురు జెస్సికా ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటి మాట. బడిపిల్లలకు నంద్యాలలో లెక్కల పోటీ పెట్టారు. మామూలు లెక్కలు కావు, పెద్దవాళ్లకే తల తిరిగే లెక్కలు. అందులో నెగ్గితే హాస్టలుతో సహా మంచి బడిలో ఉచితంగా సీటు. తండ్రి లేని పిల్ల. ఆ సీటు కోసం సారమ్మ ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంది.

పరీక్ష జరిగే బడి గేటు దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. లుంగీ నిండా రాతి దుమ్ము. లోపలికి పోయే పిల్లలను ఆపి ఏదో అడుగుతున్నాడు. పిల్లలు నవ్వుకుంటూ పోతున్నారు.

జెస్సికా ఒక్కతే ఆగింది.

ఆయన తల మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. వాక్యం అప్పజెప్పినట్టు చెప్పాడు.

“పాపా, ఎనిమిది గళ్ల పొడవు, ఎనిమిది గళ్ల వెడల్పు గది. మూలకు మూల ఎదురుగా రెండు గళ్లు తీసేసినాం. ఒక్కో బండ రెండు గళ్లు కప్పుతాది. బండ కోయగూడదు. గది నిండుతాదా?”

సారమ్మకు విసుగొచ్చింది.

“ఒక బండ కోస్తే పాయె గదప్పా. దానికింత కత ఏంది?”

“కోయగూడదంటమ్మా.” ఆయన నవ్వలేదు.

“రాసొచ్చి చెప్తాలే తాతా,” అని జెస్సికా లోపలికి పోయింది.

ఏడుస్తూ బయటికి వచ్చింది. పేపరు పక్కన పెట్టి, చిత్తు కాగితం మీద గళ్లు గీస్తూ ఉండిపోయిందట. ఎట్లా పరిచినా రెండు గళ్లు మిగిలిపోతున్నాయట. సీటు పోయినట్టేనని తల్లికి అర్థమైంది.

ముసలాయన అక్కడే ఉన్నాడు. జెస్సికాను చూసి ఆశగా ముందుకొచ్చాడు. సారమ్మ అడ్డం నిలబడింది.

“నీ బిడ్డకయితే ఇట్లనే చేస్తావా?”

ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు జరిగాడు. మోసగాడైతే ఎదురు తిరిగేవాడు, పిచ్చివాడైతే నవ్వేవాడు. ఆ తువ్వాలు అడ్డం పెట్టుకోవడమే సారమ్మకు అనుమానమై మిగిలింది.

మిషను తొక్కి తొక్కి కూతుర్ని చదివించుకుంది. జెస్సికా ఇప్పుడు లెక్కల టీచరు. ఈ ఏడు తన పిల్లలను అదే పోటీకి, అదే గేటు దగ్గరికి తీసుకుపోవలసి వచ్చింది.

“నువ్వూ రా మా. ఆ తాతకు జవాబు బాకీ ఉండాను.”

గేటు దగ్గర ఆయన లేడు.

బొరుగులమ్మే ఆమెను అడిగితే, నిరుడే పోయినాడని చెప్పింది. పేరు ఏసయ్య. ఇళ్లకు నాపబండలు పరిచే మేస్త్రీ. ఊరు గడివేముల. ఈ పోటీ వచ్చినప్పుడల్లా పని మానుకుని వచ్చేవాడట.

“జవాబు తెలిసి అడుగుతాండాడో, తెలీక అడుగుతాండాడో, మేం ఎవురం అడగల్యాక్కా.”

పరీక్ష అయ్యాక పిల్లలను వాళ్ల తల్లిదండ్రులకు అప్పజెప్పి, ఇద్దరూ గడివేముల పోయారు.

ఏసయ్య భార్య వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఎందుకొచ్చారో చెప్పగానే చేతులు దులుపుకుని లేచింది.

“ఆ మాట ఈడ గాదు. ఆయప్ప కాడనే చెబుదువు రా.”

సమాధుల తోటకు తీసుకుపోయింది. ఏసయ్య మీద వట్టి మట్టి దిబ్బ, ఒక కట్టె సిలువ. ఊరందరి ఇళ్లలో బండలు పరిచిన మనిషికి ఒక్క బండ లేదు.

జెస్సికా దిబ్బ దగ్గర కూర్చుంది.

“తాతా, ఆ గది నిండదు. నలుపు ఒకటి, తెలుపు ఒకటి, అట్లా గళ్లకు రంగులేసినామనుకో. మూలకు మూల ఎదురుగా ఉండేవి రెండూ ఒకటే రంగు. అవి తీసేస్తే ఆ రంగువి రెండు తక్కువైతాయి. బండ యాడ పెట్టినా ఒక నలుపును, ఒక తెలుపును కప్పుతాది. కడాకు రెండు గళ్లు మిగలాల్సిందే.”

ముసలామె సొంత కూతురి ముఖంలోకి చూసినట్టు జెస్సికా ముఖంలోకి చూసింది.

“కోయకుండా కుదరనే కుదరదా?”

“ఎంత మొనగానికైనా కుదరదవ్వా.”

ఆమె మొగుడి దిబ్బ దాటి పోయి, పక్కనే అరుగులా చదరంగా కట్టిన పాత సమాధి ముందు కూలబడింది.

దాని నిండా రెండేసి గళ్ల నాపబండలు. ఎదురెదురు మూలల గళ్లు రెండూ లేవు. బండల నడుమ ఒకదానికొకటి దూరంగా ఇంకో రెండు గళ్లు ఖాళీగా ఉండి, వాటిలో గడ్డి మొలిచింది. తలవైపు రాతి మీద ‘శాంసన్, తండ్రి ఏసయ్య, తొమ్మిదో తరగతి’ అని చెక్కి ఉంది.

“ఇన్నావా నాయనా?” ముసలామె బండ మీద చెయ్యేసి నిమిరింది. “‘మా నాయన పరచలేని గది ఉంటాదా’ అని ఆ ఒక్క లెక్క కాడనే కూచుంటివంట. అది రాలేదని, నంద్యాల పరీక్ష కాడ్నించి ఇంటికి రాకుండా అవుకు చెరువు నీళ్లల్లోకి పోతివే. ఉంటాదంట నాయనా. పరచలేని గది ఉంటాదంట. మన ఇంట్లో ఎవురికీ తెల్దు.”

సారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జెస్సికా ఏసయ్య దిబ్బ దగ్గర నుంచి లేచి వచ్చి, ఆ పిల్లవాడి తల దగ్గర కూర్చుని, జవాబు మళ్లీ మొదటి నుంచి చెప్పింది.