కారు మీద ఇల్లు

"ఇది కారు కాదు సార్, కోళ్ల గూడు! ఎన్నిసార్లు చెప్పాలె?"

లింగం అరుపుకు గోడ అవతల భూదవ్వ బియ్యం చెరగడం ఆపేసింది. సర్కారు ఇళ్ల జాబితా ఉన్న సంచీని చంకలో పెట్టుకున్న సారు మాత్రం తొణకలేదు. చొక్కా మీద దుమ్ము దులుపుకుంటూ, కట్టెల మోపుల పక్కన నిలబడి ఉన్న కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. ఒకప్పుడు తెల్లటి కారే. ఇప్పుడు తలుపుల కింద చెయ్యి దూరేంత చిల్లులు. ముందు మూత మీద తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేచింది.

"కాగితంలో మాత్రం నీ పేరు మీద కారున్నది లింగం. కారున్నోళ్లకు ఇల్లు రాదు."

"బిచ్కుందల అగ్గువకొస్తే కొన్న సార్, కూరగాయలు ఎల్లారెడ్డి మార్కెట్‌కు తోల్కపోదామని. మూడు నెలలు నడ్సింది, మూడేండ్ల సంది కూసున్నది. ఈ తుక్కును జూసి నా ఇల్లు కొట్టేస్తరా? మరి నల్లకారుల తిరిగే లక్ష్మీరాజం పేరెట్లున్నది జాబితాల?"

"ఆ కారు ఆయన అల్లుని పేరు మీదున్నది."

"అగో! అల్లుని కారుల మామ తిరిగితే తప్పు లేదు. నా కారుల నా కోళ్లు పంటే తప్పొచ్చిందా?"

గోడ అవతల భూదవ్వ కిసుక్కున నవ్వింది.

లింగానికి ఒళ్లు మండిపోయింది. ఉరిసే పెంకుటింటి మీద నీలం పరదా కప్పుకుని రెండు వానాకాలాలు వెళ్లదీశాడు. ఈ సారును పట్టుకోవడానికి నిన్న పొద్దున్నే ఎల్లారెడ్డి పోయి, సాయంత్రం దాకా ఆఫీసు మెట్ల మీద కూర్చుని, అక్కడే అక్క ఇంట్లో ఆగి, ఇవాళ తన బండి మీద ఎక్కించుకుని నేరుగా ఈ కారు ముందే దింపాడు.

"సరే" అన్నాడు సారు, పెన్ను తీసి. "నీ మాటొద్దు, కాగితం మాటొద్దు. రిపేరుకు పనికొస్తే ఇది కారు. పనికిరాకపోతే తుక్కు. తుక్కే అయితే తుక్కని రాసేస్త, నీ ఇల్లు నీకే ఉంటది. మెకానిక్ ఎవరన్నా చూసిండా?"

"నా బామ్మర్ది శేఖరే కామారెడ్డిల మెకానిక్. 'ఇంజన్ గట్టిగనే ఉన్నది బావా, ఒక్క రోజు నాకియ్యి' అని ఒకటే సతాయిస్తడు. దానికి పెట్టే పైసల్తోటి రెండు మేకలొస్తయి, ముట్టకురా అన్న."

"అంటే బాగయితదన్నట్టే కదా!"

"మెకానిక్‌గాడు పీనుగను సూపెట్టినా బాగయితదనే అంటడు సార్!"

సారుకు నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. వంగి కిటికీలోంచి లోపలికి చూశాడు.

"గూడంటివి. కోళ్లేవి?"

లింగం కూడా తొంగి చూశాడు. సీట్ల మీద ఒక్క ఈక లేదు. ఎవరో నీళ్లు పోసి కడిగినట్టుంది. సారొస్తున్నాడని పెళ్లాం సత్యమ్మ వాకిలితో పాటు దీన్నీ ఊడ్చిపారేసిందని లోలోపల పళ్లు కొరుక్కున్నాడు.

"మేతకు పోయినయి సార్. బా... బా... బా..."

"నీ కోళ్లు మా వాకిట్ల ఉన్నయిరా! నా బియ్యం బుక్కుతున్నయి" అంది భూదవ్వ.

"ఇన్నరా సార్? ఇన్నరా? కోళ్లున్నయి! కారే లేదు!"

అంతలో సత్యమ్మ చాయ్ గ్లాసులతో వచ్చింది. పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుంది. మొగుడి అరుపులు ఆమెకు నచ్చలేదు.

"గంతగనం ఎందుకు మొత్తుకుంటున్నవు? సార్‌కు తాళంచెవి ఇస్తే అయిపాయె. ఆయనే తిప్పి సూస్కుంటడు."

కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. పొద్దున్నుంచి తన పక్షాన మాట్లాడిన మనిషి ఈమె ఒక్కతే అనిపించింది లింగానికి. తాళంచెవి గుంజుకుని సారు ముందు ఆడించాడు.

"కూసోండ్రి సార్, మీరే తిప్పుండ్రి! ఇది గుర్రుమన్నదంటే నా పేరు మీరు కొట్టేసుడు కాదు, నేనే నా చేతుల్తోటి కొట్టేస్త! నా ఇల్లు గూడ ఆ లక్ష్మీరాజానికే ఇయ్యుండ్రి!"

భూదవ్వ గోడ మీదుగా మెడ చాచింది. సారు తలుపు లాగితే దోసెడు తుప్పు రాలింది. లోపల కూర్చుని తాళంచెవి తిప్పాడు.

కారు ఒకసారి దగ్గి ఆగిపోయింది.

"సూసిండ్రా!" అని లింగం తొడ చరిచాడు.

సారు మళ్లీ తిప్పాడు. వెనక గొట్టం నల్లటి పొగ కక్కింది. ఇంజన్ గడగడమని అందుకుంది. రేకులన్నీ ఊగిపోతున్నాయి. తుప్పు రాలుతోంది. కారు మాత్రం ఆగడం లేదు.

సారు కిందికి దిగాడు. జాబితా తీసి లింగం ముందు పరిచి, పెన్ను అతని చేతిలో పెట్టాడు.

లింగం పెళ్లాం వైపు తిరిగాడు. తల దించుకున్నాడు. అప్పుడు కనిపించాయి ఆమె కాళ్లు, వెండి కడియాలు లేకుండా బోసిగా.

సత్యమ్మ ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"గట్ల సూస్తవేంది? 'కారెట్లున్నదో సారొచ్చి సూస్తడు, దాని మీదనే మన ఇల్లున్నది' అని నిన్న పోంగ నువ్వే చెప్తివి గద! కడియాలమ్మి, తమ్మున్ని పిలిపిచ్చి బాగు చేయించిన. ఇగ ఇల్లు మనదేనా?"