ట్యాంకు మీద గొడ్డలి

కెజియా తమ వైన్ తయారుచేసే షెడ్డు తలుపు తోసేసరికి ఆమె మామగారు సాల్మన్‌రాజు గొడ్డలితో పెద్ద చెక్క ట్యాంకును నరుకుతున్నాడు.

అమెరికాలోని ఒరెగాన్‌లో, అగ్నిపర్వతపు ఎర్రమట్టి కొండవాలున కెజియా, ఆమె భర్త ప్రాణం పెట్టి పెంచిన నాటు ద్రాక్ష అందులో పులుస్తోంది. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ముసలాయన చేసే ప్రార్థన ఒకటే: "ప్రభువా, ఈ సారా కొంపను కూల్చెయ్యి!"

"మామయ్యా, స్టాప్! పిచ్చెక్కిందా మీకు?"

ఆయన దగ్గుతూ ఏదో చెప్పబోయాడు. దగ్గుతెరలో మాట మునిగిపోయింది. మళ్లీ గొడ్డలి ఎత్తాడు.

కెజియా చేతికందిన పార తీసి ఆయన భుజం మీద కొట్టింది. చొక్కా చిరిగి నెత్తురు చిమ్మింది. ఆయన ఆగలేదు. ఈసారి తల మీద కొట్టింది. మోకాళ్ల మీద కూలిపోయి కూడా నరికాడు.

పలకలు విరిగి ట్యాంకు విచ్చుకుంది. ఎర్రటి రసం ఉప్పెనలా ఇద్దరినీ పడదోసింది. దానితోపాటే, పులిసే ద్రాక్ష నుంచి లేచే గ్యాస్‌కి స్పృహ తప్పి లోపల పడిపోయిన ఆమె భర్త జారి బయటపడ్డాడు.

సాల్మన్‌రాజు పాకుతూ వెళ్లాడు. జన్మలో చుక్క ముట్టని నోటిని, వైన్ కారుతున్న కొడుకు నోటికి ఆనించి ఊపిరి ఊదాడు. కొడుకు దగ్గేదాకా ఊదుతూనే ఉన్నాడు.